ఆలు లేదు, చూలు లేదు

“ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం” అని సామెత. గాల్లో మేడలు కట్టేవాళ్ళని వెక్కిరించడానికి పుట్టింది. నాకు మాత్రం ఎప్పుడు విన్నా అదొక డేటా సమస్యలాగే వినిపిస్తుంది. వృత్తి దోషం. ఆలు అనే పెట్టెలో చూలు అనే పెట్టె, అందులో కొడుకు అనే పెట్టె, దాన్లో పేరు అనే చీటీ. అసలు బయటి పెట్టే లేదు. అయినా లోపలి చీటీ మీద ఏం రాసుందో చెప్పేస్తున్నాడు మనవాడు. జావాస్క్రిప్ట్‌లో ఇది ఇప్పుడు ఒక్క లైను: ఆలు?.చూలు?.కొడుకు?.పేరు ?? "సోమలింగం". ప్రశ్నార్థకం పక్కన చుక్క ఉంటే “ఇది ఉంటే లోపలికి వెళ్ళు, లేకపోతే గొడవ చెయ్యకుండా వెనక్కి వచ్చెయ్” అని. చివర్లో రెండు ప్రశ్నార్థకాలు “ఏమీ దొరక్కపోతే సోమలింగం అని చెప్పు” అని. 2020 ప్రమాణంలో ఈ రెండు గుర్తులూ భాషలోకి వచ్చినప్పుడు మా ఆఫీసులో అందరం సంతోషించాం. అంతకుముందు ఇదే పనికి నాలుగైదు ఇఫ్‌లు రాసేవాళ్ళం.

సంతోషం సంగతి సరే. ఏ పెట్టె దగ్గర ఆగిపోయామో ఆ లైను చెప్పదు. పెళ్ళే కాలేదా, పెళ్ళయి పిల్లలు లేరా, పుట్టిన పిల్లాడికి ఇంకా బారసాల జరగలేదా, మూడిటికీ జవాబు ఒకటే: సోమలింగం. రోజూ చేసే ఉద్యోగంలో దీనివల్ల పెద్ద కష్టం రాదు. కస్టమర్ రెండో ఫోను నంబరు లేకపోతే లేదు, ఎందుకు లేదో ఎవరికి కావాలి? కావలసిన సందర్భం నాకు ఆఫీసు బయట ఎదురైంది.

2024 సెప్టెంబరు మొదటి తారీఖున బుడమేరు విజయవాడ మీద పడింది. అటు ప్రకాశం బ్యారేజీకి పదకొండు లక్షల క్యూసెక్కులు దాటిన వరద, ఇటు గండ్లు పడ్డ బుడమేరు. సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. సింగ్‌నగర్‌లో మా నాన్నగారి స్నేహితుడొకాయన ఉన్నారు, రిటైరైన తెలుగు మాస్టారు. కింది వాటా. మనుషులు పైవాళ్ళింట్లోకి ఎక్కారు, పుస్తకాలు ఎక్కలేదు. నీళ్ళు తీశాక చూస్తే నాలుగు బీరువాల పుస్తకాలు ఇటుకల్లా ఉబ్బి, ఒకదానికొకటి అతుక్కుపోయి, తలుపులు తెరుచుకోనివ్వలేదట. మునిగిన ఇళ్ళకి కింది అంతస్తుకైతే 25,000, పై అంతస్తులకైతే 10,000 అని ప్రభుత్వం ప్రకటించింది. ఆయన ఆ డబ్బుల గురించి ఒక్క మాట ఎత్తలేదు. “నా దగ్గర లిస్టుందయ్యా, దాన్ని నీ కంప్యూటర్లో పెట్టి చూడు” అన్నారు.

లిస్టంటే నాలుగు లాంగ్ నోట్‌బుక్కులు. మూడు అటక మీద ఉండి బతికాయి. నాలుగోది బీరువా కింది అరలో ఉంది. బాల్‌పెన్నుతో రాసిన పేజీలు ఎండబెడితే చదవొచ్చు. ఇంకుపెన్నుతో రాసినవి నీలం మరకలు. ప్రతి పేజీకీ నిలువు గీతలు: పుస్తకం పేరు, రచయిత, ఊరూ ప్రెస్సూ, సంవత్సరం, వెల, ఎక్కడ కొన్నది. ఈ చివరి గడిని చదువుతుంటే నలభై ఏళ్ళ బెజవాడ కనిపిస్తుంది. ఏలూరు రోడ్డు, గవర్నరుపేట పాత పుస్తకాల బండి, స్వరాజ్ మైదానంలో జనవరి పుస్తకాల పండగ, మళ్ళీ ఏలూరు రోడ్డు. మాస్టారి మేనకోడలు ఇవన్నీ ఓపిగ్గా టైపు చేసి పంపింది. నేను దాన్ని జేసన్‌లోకి మార్చి, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్న తెలుగు పుస్తకాల వివరాలతో కలిపి చూడాలి. ఆయనకి కావలసింది మూడు కుప్పలు. కొట్లో ఇంకా దొరికేవి, స్కానుగా అయినా దొరికేవి, ఇక ఎక్కడా లేనివి. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. ఉన్న ఓపికని ఏ పుస్తకం వెతకడానికి ఖర్చు పెట్టాలో ఆ కుప్పలు చెప్పాలి.

సాఫ్ట్‌వేరుతో సంబంధం లేనివాళ్ళ కోసం రెండు ముక్కలు. జేసన్ అనేది ప్రోగ్రాములు ఒకదానికొకటి ఉత్తరాలు రాసుకునే పద్ధతి. 2000ల మొదట్లో డగ్లస్ క్రాక్‌ఫర్డ్ అనే ఆయన దానికి పేరు పెట్టి లోకానికి చెప్పాడు. దాన్లో పట్టేవి ఆరు రకాల విలువలే: అక్షరాలు, అంకెలు, అవును-కాదు, జాబితా, పేర్లు అతికించిన గడుల పెట్టె, ఆరోది నల్. నల్ అంటే “ఇక్కడ ఏమీ లేదు” అని నోరు తెరిచి చెప్పడం. గడినే పెట్టకపోవడం ఇంకో సంగతి. ఖాళీ అక్షరాలు పెట్టడం మరో సంగతి. లోపల ఏమీ లేని పెట్టెని పంపడం ఇంకొకటి. ఈ ఉత్తరాన్ని విప్పి, మన ప్రోగ్రాముకి అర్థమయ్యే ఆకారంలోకి మార్చే పనిని డీకోడింగ్ అంటాం. ఉత్తరం రాసినవాడు ఏ లేమిని ఏ రకంగా రాశాడో పట్టుకోవడమే అందులో సగం పని.

తెలుగువాళ్ళకి ఇది కొత్తగా నేర్పక్కర్లేదు. మనకి లేదు వేరు, కాదు వేరు, తెలీదు వేరు. “ఆయనకి పిల్లలు లేరు”, “ఆయన పిల్లలు కారు”, “పిల్లలున్నారో లేదో తెలీదు” అన్న మూడు మాటల్నీ కలిపేసి ఒకే గడిలో కుక్కితే ఏ ఇంట్లోనైనా గొడవే. కంప్యూటర్ల వాళ్ళు మాత్రం అరవై ఏళ్ళుగా దీంతో కుస్తీ పడుతున్నారు. 1965లో ఆల్గాల్ డబ్ల్యూ అనే భాషలో నల్ రిఫరెన్స్‌ని పెట్టిన టోనీ హోర్, 2009లో లండన్‌లో ఒక సభలో దాన్ని తన బిలియన్ డాలర్ల తప్పు అని చెప్పుకున్నాడు. రిలేషనల్ డేటాబేసులకి మూలపురుషుడు కాడ్ 1990లో రాసిన పుస్తకంలో లేమికి రెండు వేరువేరు గుర్తులుండాలన్నాడు, ఉండాల్సింది తెలియకపోతే ఒకటి, అసలు వర్తించకపోతే ఇంకొకటి. ఎవరూ వినలేదు. నా లెక్కలో ఆయన తక్కువే అడిగాడు.

మొదటి ప్రయత్నం ఒక మిత్రుడు చేశాడు. గో భాషలో అరగంటలో స్క్రిప్టు రాసిచ్చాడు. గోలో ఒక మర్యాద ఉంది. అంకె ఉండాల్సిన గడి ఉత్తరంలో లేకపోయినా, ఉండి నల్ అయినా, గొడవ చెయ్యదు, సున్నా అని ఊరుకుంటుంది. పుస్తకాల్ని సంవత్సరం ప్రకారం పేరిస్తే సంవత్సరం లేనివన్నీ సున్నా దగ్గర నిలబడ్డాయి. నన్నయ కంటే వెయ్యేళ్ళ ముందే బెజవాడలో ప్రెస్సులు, వాటిలో డిటెక్టివ్ నవలలు! మాస్టారికి చూపిస్తే చాలాసేపు నవ్వారు. వరద తరవాత ఆయన నవ్వడం అదే మొదటిసారి అని మేనకోడలు చెప్పింది.

మిత్రుడు వెంటనే రెండో సలహా ఇచ్చాడు. సంవత్సరం, రచయిత రెండూ తప్పనిసరి అని పెట్టు, లేనివాటిని డీకోడర్ తిప్పికొడుతుంది, శుభ్రమైన డేటా మిగులుతుంది. ఇది పిచ్చి సలహా కాదు. బ్యాంకులో అయితే నేనూ అదే చేస్తాను. కానీ తిప్పికొట్టినవాటిని ఒకసారి తెరిచి చూశాను. వ్రతకథలు, పెళ్ళిపాటలు, గ్రామదేవత చరిత్రలు, బుర్రకథల చిన్నపుస్తకాలు, సంఘాలు వేసిన కరపత్రాలు, రైల్వే స్టేషన్లో అమ్మిన పాకెట్ నవలలు. పేరున్న రచయిత పుస్తకం పేరున్న ప్రచురణకర్త వేస్తే అన్ని గడులూ నిండి ఉంటాయి, అవి ఎలాగూ మళ్ళీ దొరుకుతాయి. గడులు ఖాళీగా ఉన్నవే రెండో ప్రతి లేనివి. శుభ్రం చెయ్యడమంటే ఇక్కడ సరిగ్గా మూడో కుప్పని బుడమేరులోకి మళ్ళీ తోసెయ్యడం.

ఇక ఆర్కైవ్ వైపు డేటా. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వాళ్ళు ఒకప్పుడు స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు అక్కడ బోలెడున్నాయి. ఆ పని చేసినవాళ్ళకి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. కానీ పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో, తలో రకం స్పెల్లింగుతో ఉంటాయి. రచయిత గడి ఒక పుస్తకానికి ఉంటుంది, ఇంకోదానికి ఉండదు. ఒకచోట ఒట్టి పేరు, ఇద్దరుంటే జాబితా. అన్నిటికంటే అందమైనది, రచయిత తెలియనప్పుడు గడిని వదిలెయ్యకుండా, నల్ పెట్టకుండా, “నాట్ అవైలబుల్” అని అక్షరాల్లో రాయడం. డీకోడర్‌కి అది పేరే. రాముడు, భీముడు, నాట్ అవైలబుల్. నా పట్టికలో రచయితల్ని పుస్తకాల సంఖ్య ప్రకారం పేరిస్తే ఆయనదే ప్రథమ స్థానం. పద్యం, వచనం, జ్యోతిషం, పశువైద్యం, ఆయన చెయ్యి పెట్టని ప్రక్రియ లేదు.

గడి నిండి ఉండి కూడా ఏమీ చెప్పని సందర్భాలున్నాయి. మాస్టారి రెండో నోట్‌బుక్కులో ఒకచోట రచయిత “శారద”, ఇంకొకచోటా “శారద”. మొదటిది ‘శారద లేఖలు’, 1928 నుంచి గృహలక్ష్మి పత్రికలో కనుపర్తి వరలక్ష్మమ్మ ఆ పేరుతో రాసినవి. రెండోది ‘మంచీ చెడూ’. ఆ శారద అసలు పేరు నటరాజన్, తమిళుడు, తెనాలి హోటళ్ళలో పనిచేస్తూ తెలుగు నేర్చుకుని తెలుగులో నవలలు రాసి 1955లో చిన్న వయసులోనే చనిపోయినవాడు. ఇద్దరూ డెల్టావాళ్ళే, బాపట్లకీ తెనాలికీ ఎంత దూరమని. డీకోడర్‌కి రెండు గడులూ సుబ్బరంగా నిండినట్టే. కాబట్టి రచయితని ఒట్టి పేరుగా కాకుండా పెట్టెగా చెయ్యాల్సి వచ్చింది: అచ్చయిన పేరు, దాని వెనక మనిషి. మొదటిది తప్పనిసరి కాదు, రెండోది అసలే కాదు, ఒకటి లేకుండా ఇంకొకటి ఉండొచ్చు.

పెట్టెలో పెట్టె పెట్టినప్పుడు “ఉంటే” అన్న మాట ఎక్కడ పెడుతున్నామన్నది ముఖ్యం. ఎల్మ్ అనే భాషలో దీన్ని చూపించే మంచి ఉదాహరణ ఉంది. “మేబీ” అన్న మాటని గడి బయట పెడితే, గడి లేకపోయినా, ఉండి అందులో అంకెకి బదులు చెత్త ఉన్నా, రెండిటినీ ఒకేలా “ఏమీ లేదు” అని మింగేస్తుంది. గడి లోపల పెడితే, గడి ఉండితీరాలి, దాన్లో విలువ మాత్రం పనికిరాకపోయినా పర్లేదు. ఒక్క మాట అటూ ఇటూ జరిగితే అర్థం మారిపోతుంది. “మాస్టారు ఉంటే పుస్తకం అడుగు” అనడానికీ “మాస్టార్ని పుస్తకం ఉంటే అడుగు” అనడానికీ ఉన్న తేడా. బయట పెట్టడం తేలిక, ఎర్రర్లు రావు. ఎర్రర్లు రాకపోవడమే దానితో చిక్కు. సంవత్సరం గడిలో “ధాత” అని ఉంటే అది అంకె కాదు కాబట్టి ఏమీ లేదనేస్తుంది.

ధాత ఏమీ లేకపోవడం కాదు. సంవత్సరాల పేర్లు అరవై ఏళ్ళకోసారి తిరిగొస్తాయి కనక ధాత అంటే 1936 కావాలి, కాకపోతే 1996, ఇంకా వెనక్కి 1876. ఉగాది నుంచి ఉగాదికి కాబట్టి 1937 మొదటి నెలలూ ధాతే. శతాబ్దం పోయి, ఏడు మిగిలిన తేదీ. పక్క గడి చూస్తే మిగతాది తెలుస్తుంది. వెల 0-4-0 అని ఉంది. రూపాయి, అణా, పైస. ఇక్కడి సున్నాలు నిజం సున్నాలు, నాలుగణాలు అని చెప్పడానికి కూర్చున్నవి. దశాంశ నాణేలు 1957 ఏప్రిల్‌లో వచ్చాయి, అణాల్లో వెల ఉంటే 1996 కాదు. ధర్మపుస్తకాల మీద “వెల: అమూల్యం” అని ఉంటుంది, అంటే ఉచితం. సున్నా, నల్, అమూల్యం. మూడూ మూడు విషయాలు, ఒక్క అంకెల గడిలో పట్టవు.

ఊరి గడి ఇంకా సరదా. “కృష్ణా జిల్లా, ఏలూరు” అని ఒక పుస్తకం. టైపు చేసిన అమ్మాయి పొరపాటేమో అనుకుని పక్కన ప్రశ్నార్థకం పెట్టింది. పొరపాటు కాదు. 1904లో గుంటూరు జిల్లా విడిపోయినప్పుడు గోదావరి జిల్లా నుంచి ఏలూరు, భీమవరం వైపు తాలూకాలు కృష్ణాలోకి వచ్చాయి, 1925లో పశ్చిమ గోదావరి ఏర్పడ్డప్పుడు మళ్ళీ పోయాయి. అంటే తప్పులా కనిపించిన ఆ గడి, పక్కన ఖాళీగా ఉన్న సంవత్సరం గడికి రెండు గోడలు కడుతోంది. ఆ మాటకొస్తే 2022 ఏప్రిల్ 4 నుంచి విజయవాడే కృష్ణా జిల్లాలో లేదు, ఎన్టీఆర్ జిల్లా. జిల్లా పేరు ఊరి పెట్టెలో ఉంటుందని మనం అనుకుంటాం, నిజానికి అది తేదీ పెట్టెలో కూడా ఉంటుంది.

ఇలా ఊహించినవాటిని నేరుగా సంవత్సరం గడిలో రాసెయ్యొచ్చా? రాయకూడదని నా పట్టుదల. అట్ట మీద ఉన్నది ఒక గడిలో, మనం లెక్కగట్టింది ఇంకో గడిలో, ఎలా లెక్కగట్టామో మూడో గడిలో. ఇదంతా నేనేదో కనిపెట్టాననుకుని లైబ్రరీ సైన్సు చదివిన ఒకావిడకి చెప్తే జాలిగా చూసింది. కేటలాగు కార్డులు రాసేవాళ్ళు ఎప్పటినుంచో పుస్తకంలో లేనిది తాము చేరిస్తే చదరపు బ్రాకెట్లలో రాస్తారట, అనుమానముంటే ప్రశ్నార్థకంతో. అచ్చయిన ఊరు లేకపోతే సీనే లోకో, ప్రచురించినవాళ్ళ పేరు లేకపోతే సీనే నోమినే, లాటిన్‌లో. అంటే లేమిలో కూడా ఏ లేమో రాసేవాళ్ళన్నమాట. 1914లోనే ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టుకున్న ఊరు మాది, అయ్యంకి వెంకటరమణయ్య గారి ఊరు. ఈ ఊళ్ళో ఇంజనీరింగ్ చదివిన నాలాంటివాడు ఆ విషయాన్ని ఎల్మ్ డాక్యుమెంటేషన్ ద్వారా తెలుసుకోవడం కాస్త విచిత్రమే.

చివరికి రచయిత, సంవత్సరం, ఊరు గడులకి ఒట్టి విలువ కాకుండా విలువతోపాటు స్థితి కూడా పెట్టాను. అచ్చులోనే లేదు. ఉంది కానీ మాస్టారు రాసుకోలేదు. రాసుకున్నారు కానీ నీళ్ళలో పోయింది. ఈ మూడో రకానికి మాత్రం ఆయన్ని అడగొచ్చు. మూడు ఆదివారాలు కూర్చున్నాం. ఒక నీలం మరక చూపించి “ఇదేంటి మాస్టారూ” అంటే, పైన పుస్తకం, కింద పుస్తకం పేర్లు విని, “ఆ రోజు మూడు కొన్నాను, వాన పడుతోంది, బందరు రోడ్డు దాకా నడిచాను, మూడోది...” అని కళ్ళు మూసుకునేవారు. సగంసార్లు వచ్చేది. రానివాటికి “పోయింది, రాసుకో” అనేవారు. ఏ భాషలోనూ ఆ స్థితికి పేరు లేదు, నేను “పోయింది” అనే పెట్టాను.

నాలుగో రకం ఒకటుందని మూడో ఆదివారం తెలిసింది. పెళ్ళిపాటల చిన్నపుస్తకం, బందరులో అచ్చయింది, వెల రెండణాలు. ప్రెస్సు పేరుంది, సంవత్సరం ఉంది, రచయిత గడిలో గీత. మరక కాదు, బాల్‌పెన్నుతో స్కేలు పెట్టి గీసిన గీత. అచ్చులో లేదా అని అడిగాను.

“అచ్చులో ‘ఒక సోదరి’ అని ఉందయ్యా.”

“మరి అదే రాసుకోవచ్చుగా మాస్టారూ? అచ్చయిన పేరు గడిలో పెడదాం.”

ఆయన కాసేపు నోట్‌బుక్కు అంచు సరిచేశారు. “మా అమ్మ రాసింది. అచ్చేయించేటప్పుడు పేరొద్దంది. ఇంట్లో తెలిస్తే బాగోదని. మా నాన్నకి చివరిదాకా తెలీదు. నాకు చెప్పింది గానీ ఎవరికీ చెప్పొద్దంది.”

“ఇప్పుడు రాస్తే ఏమవుతుందండీ? ఎవరు మాత్రం ఏమంటారు?”

“ఎవరూ ఏమీ అనరు. అయినా నేను రాయను. గీతే ఉంచు. తెలీక పెట్టిన గీత కాదని మాత్రం తెలిసేట్టు ఉంచు.”

ఆ పుస్తకం పేరు ఇక్కడ రాయడం లేదు, రాస్తే గీతని నేనే చెరిపినట్టు. ఫైల్లో రచయిత పెట్టె ఉంది, అచ్చయిన పేరుంది, వెనక మనిషి దగ్గర నల్, స్థితి “తెలుసు, చెప్పరు”. జేసన్ ఫైళ్ళని సరిదిద్దడానికి 2014లో ఒక ప్రమాణం వచ్చింది. దాని ప్రకారం సవరణలో గడి లేకపోతే పాతదాన్ని ముట్టుకోవద్దని, నల్ పంపితే చెరిపెయ్యమని అర్థం. రేపు ఎవరైనా ఆ పద్ధతిలో నా జాబితాని ఇంకో జాబితా మీద సవరణగా వేస్తే, ఆ నల్ అక్కడున్న గడినే తీసేస్తుంది, గీత ఉండేదని కూడా తెలీదు. అందుకని ఆ ఒక్కదానికీ నల్ తీసేసి గీతనే అక్షరంగా పెట్టాను. నాట్ అవైలబుల్ అని రాసిన ఆ తెలియని డేటా ఎంట్రీ ఆపరేటర్ మీద అప్పటినుంచీ జోకులు తగ్గించాను.

పుస్తకం ఆర్కైవ్‌లో లేదు. బందరులో ఇద్దర్ని అడిగాం, మొన్న జనవరి పుస్తకాల పండగలో పాత పుస్తకాల స్టాళ్ళన్నీ తిరిగాం. మూడో కుప్ప. మాస్టారు కొత్త లాంగ్ నోట్‌బుక్కు కొని పాటలు గుర్తున్నంతవరకు రాస్తున్నారు. పదకొండింట్లో ఏడు పూర్తిగా వచ్చాయి. మిగతా నాలుగింటికి పల్లవులే. ఒక్కోదానికి రెండేసి పేజీలు ఖాళీగా వదిలి ముందుకెళ్తున్నారు. పేజీ నంబర్లు మాత్రం ఖాళీ పేజీలకి కూడా వేస్తున్నారు.